ముందు చెట్టుకు అద్దె కట్టండి

ప్రశ్న: సార్, మాది టెక్కలి దగ్గర చిన్న పల్లె. మా చెరువు గట్టు మీద, ఇళ్ళ పెరళ్ళలో ఉన్న చింతచెట్ల మీద ఏటా తొలకరికి నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. మావాళ్ళు సైబీరియా కొంగలంటారు. ఒకప్పుడు 20 చెట్లుండేవి, తిత్లీ తుఫానుకి తొమ్మిది పడిపోయాయి. మిగిలిన 11 చెట్లనైనా కాపాడుకోవాలని పదిమంది కుర్రాళ్ళం గ్రూపు కట్టాం. 6 లక్షలు పోగుచేసి పక్షుల్ని చూడటానికి టవరు, ఊరి మొదట్లో కొంగ బొమ్మ, బెంచీలు, రంగు లైట్లు పెట్టాలన్నది మా ఆలోచన. నా ఫోన్ క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో పెడితే రెండు వారాల్లో 38,400 రూపాయలు వచ్చాయి. తర్వాత పైసా రాలేదు. పైగా ‘ఆ డబ్బుతో బండి కిస్తీలు కట్టుకున్నాడు’ అని ఊళ్ళో ఒకటే గుసగుసలు. ఇంతలో మా పెదనాన్న తన పెరట్లో చెట్టుని కలప వ్యాపారికి 45 వేలకు బేరం పెట్టాడు. ఆ చెట్టు మీదే గూళ్ళు ఎక్కువ. అదేంటి పెదనాన్నా అంటే ‘పిట్టలు మీకూ, రెట్టలు మాకూనేటిరా?’ అన్నాడు. కంపెనీల నుంచి, అమెరికాలో ఉన్న మావాళ్ళ నుంచి పెద్ద మొత్తం ఎలా తేవాలో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది. పేరు వేయొద్దు.

జవాబు: బాబూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే తెలివైన మాట మీ పెదనాన్నది. మీరేమో దాన్ని చివర్లో, ఒక ఇబ్బందిలాగా రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆయన పెరట్లో ఏం జరుగుతోందో ఒకసారి ఆయన వైపు నుంచి చూడండి. చింత పూతకొచ్చేదీ, కొంగలు వచ్చి దిగేదీ ఇంచుమించు ఒకే కాలం. గూళ్ళ కోసం చిటారు రెమ్మలు విరిచేస్తాయి. రెట్ట పడిన చోట ఆకు మాడుతుంది, పూత రాలుతుంది. మళ్ళీ మాఘ ఫాల్గుణాల్లో చింతకాయ దులపబోతే ఊళ్ళో మిగతా చెట్లలో సగం కూడా రాదు. ఇక వానాకాలం నాలుగు నెలలూ ఆ ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి లేదు, వాకిట్లో మంచం వేసుకోవడానికి లేదు, బావి మీద మూత లేకపోతే నీళ్ళు తాగడానికి లేదు. పిల్లలకి తెచ్చిన చేపల, నత్తల కంపు వేరే. ఇన్నేళ్ళూ ఆయన ఈ ఖర్చంతా భరించాడు. మీ ఊరి పక్షుల సంరక్షణకి అందరికంటే ఎక్కువ చందా ఇచ్చినవాడు ఆయనే. ఏ రసీదు పుస్తకంలోనూ ఆ పేరు లేదు, అంతే తేడా.

అందుకని ‘డబ్బు ఎలా తేవాలి’ అన్న మీ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ‘దేనికి’ అన్నది తేల్చుకుందాం. ముప్ఫై రెండేళ్ళు బ్యాంకులో పనిచేశాను. అప్పుకి వచ్చినవాడు ఎంత కావాలో ముందు చెప్పి, ఎందుకో తర్వాత ఆలోచించుకుంటుంటే ఆ ఫైలు ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

మీ 6 లక్షల పట్టిక చూశాను. టవరు మనుషుల కోసం. బొమ్మ ఫోటోల కోసం. బెంచీలు సాయంత్రం మీ గ్రూపు కూర్చోవడానికి. రంగు లైట్లయితే పక్షికి నేరుగా అపకారం. రాత్రి గూటిలో పిల్లల మీద కూర్చున్న పక్షి ముఖాన దీపం కొడితే అది బెదిరి లేస్తుంది, పిల్లలు కింద పడతాయి. నాలుగింటిలో ఒక్కటి కూడా కొంగ అడిగింది కాదు. కొంగకి కావాల్సినవి మూడే: గూడు కట్టడానికి చెట్టు, మేతకి నత్తలున్న తడి నేల, పిల్లలు ఎగిరేదాకా గొడవ లేని నాలుగైదు నెలలు. మూడో దానికి రూపాయి ఖర్చు లేదు, నోటి మాట చాలు. తమిళనాడులో శివగంగ జిల్లా వేట్టంగుడి పక్షుల చెరువుల దగ్గరి పల్లెల్లో గూళ్ళున్నాయని దీపావళికి టపాకాయలు కాల్చడమే మానుకున్నారు. అది ఏ విరాళంతోనూ కొన్నది కాదు.

మేత మీ చెరువులో, వరిమళ్ళలో ఉంది. మిగిలింది చెట్టు. అక్కడే మీ డబ్బు పెట్టండి. నా సలహా ఒక్కటే: గూళ్ళున్న ప్రతి సొంత చెట్టుకీ ఏటా అద్దె కట్టండి.

ఇదేం నా బుర్రలో పుట్టింది కాదు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అచ్చం మీ ఊళ్ళో లాగే వీధుల్లో, ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. అక్కడివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలుగా చూస్తారు. అయినా చింతపండు నష్టం నష్టమే కదా. అందుకే అక్కడి అటవీ శాఖ చెట్ల యజమానులకి చెట్టుకింత అని పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. ఊరి కుర్రాళ్ళు హెజ్జార్లె బళగ అని ఒక జట్టుగా ఏర్పడి, గూళ్ళ నుంచి పడిన పిల్లల్ని సాకి వదిలేవాళ్ళు. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు. చెట్ల కింద గోతులు తీసి రెట్ట పోగేసి పొలాలకి ఎరువుగా వాడుకోవడం కూడా ఆ ఊళ్ళో ఉంది. మీ పెదనాన్న అడిగిన ప్రశ్నకి ఆ ఊరు ఎప్పుడో ఇచ్చిన జవాబు అది.

లెక్క వేద్దాం. మీ 11 చెట్లలో గట్టు మీద ఎన్ని, పెరళ్ళలో ఎన్ని అన్నది మీరు రాయలేదు. నాలుగు గట్టువి, ఏడు సొంతానివి అనుకుందాం. గట్టు చెట్లకి అద్దె అక్కర్లేదు. పంచాయతీ ఏటా చింత ఫలసాయం వేలంపాట పెడుతుంటే, గూళ్ళున్న చెట్లని పాట నుంచి తప్పించమని ఒక తీర్మానం చేయించండి. ఆ మాట గ్రామసభలో చెట్టు నంబరుతో సహా రాయించుకోండి, లేకపోతే కార్యదర్శి మారగానే పోతుంది. సొంత చెట్లకి మాత్రం, గత మూడేళ్ళు ఆ ఊరి పాటదారు అలాంటి చెట్టుకి ఎంత ఇచ్చాడో అడిగి సగటు తీయండి. చెట్టుకి 3,500 వచ్చిందనుకుంటే ఏడింటికి 24,500. పడిపోయే పిల్లలకి చెట్టు కింద వలలు, వెదురుబొంగులు 7 వేలు. మరీ చెట్టు కిందే ఉన్న ఇళ్ళకి బావి మూత, వాకిట్లో రేకుల పంచ 11 వేలు. ఒక బోర్డు, రసీదు పుస్తకాలు 2,500. చేతిలో అత్యవసరానికి 5 వేలు. మొత్తం 50 వేలు. మీ అంచనాలో పన్నెండో వంతు. కాకపోతే దీన్ని ఏటేటా తేవాలి. కష్టం అక్కడుంది.

ఆ అద్దె ఎప్పుడు, ఎలా ఇస్తారన్నది కూడా చిన్న విషయం కాదు. సగం తొలకరిలో ఇవ్వండి. విత్తనాలకి, దమ్ములకి రైతు చెయ్యి చాపే రోజులవి. ఆ రోజు అందిన 1,750 రూపాయలు సంక్రాంతికి అందిన 5 వేలకంటే బరువు. మిగతా సగం పిల్లలన్నీ ఎగిరిపోయాక. ఇంకో మాట. గూళ్ళు లెక్కపెట్టి గూటికింత అని ఇవ్వకండి. చెట్టు నిలబడి ఉన్నందుకు ఇవ్వండి. ఒక ఏడాది వానలు సరిగ్గా పడక కొంగలు రాలేదనుకోండి, ‘ఎలాగూ రాలేదు కదా, కొట్టేద్దాం’ అనిపించేది సరిగ్గా ఆ ఏడాదే. ఆ ఏడాది అద్దె ఎగ్గొడితే పదేళ్ళుగా కట్టింది కూడా పోయినట్టే.

పెదనాన్న దగ్గరికి చట్టం పట్టుకుని వెళ్ళొద్దు. అది మీ దగ్గర ఉంది, నిజమే. చెట్టు నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. గూళ్ళున్న కాలంలో అడవి పక్షుల గూళ్ళు, గుడ్లు పాడుచేయడాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందే లెక్కగడుతుంది. ఈ రెండూ తెలిసి ఉండండి, కానీ నోరెత్తకండి. ఒక పెద్దాయన మీద తమ్ముడి కొడుకు ఫిర్యాదు పెట్టిన ఊళ్ళో, మిగతా ఆరుగురు యజమానులు మీకు చెట్లు మిగల్చరు. కొంగలు రాకముందే, ఎండాకాలంలోనే, చడీచప్పుడు లేకుండా కొమ్మలు కొట్టేస్తారు. అలా జరిగిన ఊళ్ళు నాకు తెలుసు.

బదులుగా ఆయనతో బేరం గురించి మాట్లాడండి. ఆ 45 వేలలో కోత కూలీ, బండి బాడుగ ఎవరివి? చింత మొద్దుకి గిరాకీ మాంసం కొట్టులో కత్తి వేసే మొద్దుగానే కదా, తొర్ర ఉంటే వ్యాపారి చివర్లో ఎంత తగ్గిస్తాడు? చేతికి నిజంగా ఎంత వస్తుంది? అసలు ఆయనకి ఇప్పుడు ఆ డబ్బు దేనికి కావాలి? ఇది అడిగారా మీరు? ఇంటి స్లాబుకో, పెళ్ళికో అయితే, మూడేళ్ళ అద్దె ఒకేసారి ముందుగా ఇచ్చి కాగితం రాసుకోవచ్చు. మీ దగ్గర ఉన్న 38,400కి ఇంతకన్నా మంచి మొదటి ఖర్చు నాకు కనిపించడం లేదు. దాతల్ని అడిగే చెయ్యండి సుమా, వాళ్ళు టవరు కోసం ఇచ్చారు. మెసేజ్ పెట్టి ‘ప్లాన్ మారింది, ఇష్టం లేనివాళ్ళకి తిరిగి పంపేస్తాం’ అనండి. నలుగురు వెనక్కి తీసుకుంటారు. తీసుకోనీండి. ఆ నలుగురికి తిరిగి ఇచ్చారన్న కబురు మీ బండి కిస్తీల పుకారుని సగం చంపుతుంది.

ఆయనకి డబ్బుతో పాటు ఇవ్వాల్సింది ఇంకొకటి ఉంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే సిరిమాను చింతచెట్టే కదా. ఫలానా చోట చెట్టు ఉందని అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు. ఆ చెట్టు తమ తోటలో తేలితే ఆ రైతు ఇంట పండగ. బొట్టుపెట్టి, పూజచేసి, ఊరంతా వచ్చి తీసుకెళతారు. మన ప్రాంతంలో చింతచెట్టు యజమానికి గౌరవం చెయ్యడం ఎలాగో కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు. అక్కడ చెట్టు ఇచ్చినందుకు, మీ ఊళ్ళో చెట్టు ఉంచినందుకు. మొదటి కొంగ దిగిన రోజున ఏడుగురు యజమానుల్నీ రామాలయం దగ్గరికి పిలిచి, కండువా కప్పి, అందరి ముందూ అద్దె చేతికివ్వండి. ఆ కొంగ బొమ్మకి అనుకున్న డబ్బులో నూరో వంతు ఖర్చవదు.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. ఆ క్యూఆర్ కోడ్ ఈ రోజే తీసేయండి. మీరు దొంగ అని కాదు. మీ జీతం, మీ అమ్మగారి మందుల డబ్బు, కొంగల చందా ఒకే ఖాతాలో ఉంటే, మీరు ఎంత నిజాయితీపరులైనా నిరూపించుకోలేరు. పైగా ఎక్కడో ఎవడో మోసం చేసి కాజేసిన సొమ్ములో ఐదు వందలు మీ కోడ్‌కి వచ్చినా, సైబర్ ఫిర్యాదుతో మీ ఖాతా మొత్తం ఆగిపోవచ్చు. అప్పుడు మీ బండి కిస్తీ నిజంగానే ఆగుతుంది.

నాకూ ఇలాంటి దెబ్బ తగిలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఊరి గుడి కమిటీకి కోశాధికారిని చేశారు, బ్యాంకు మనిషి కదా అని. సంబరం అయ్యాక లెక్కలో 1,700 రూపాయలు తేలలేదు. డప్పుల వాళ్ళకి ఇచ్చాను, రాయలేదు, అంతే. సొంత జేబులోంచి వేసి సరిపెట్టాను. అదే పెద్ద తప్పయింది. ‘తినకపోతే ఎందుకు కట్టాడు?’ అన్నారు. పదేళ్ళు మోశాను ఆ మాట. మీరు మాత్రం తేలనిది తేలలేదనే రాయండి, జేబులోంచి వేయకండి.

ఖాతాకి రెండు దారులున్నాయి. మొదటిది, ఏడుగురు సభ్యులతో 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం నమోదు చేసుకోవడం. నియమావళి, పాన్ కార్డు, సంఘం పేరు మీద ఖాతా, ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు తీసే ఏర్పాటు. రెండోది పంచాయతీలోనే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, దానికి స్థానిక జీవవైవిధ్య నిధి అని కూడా ఒకటి ఉంటుంది. చాలా ఊళ్ళలో ఈ కమిటీ కాగితం మీదే బతుకుతోంది, సభ్యులకే తాము సభ్యులమని తెలియదు. మీ కార్యదర్శిని అడిగి ఆ కాగితం తీయించండి. కొంగల చెట్లని ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కించడం ఆ కమిటీ పనే. అయితే డబ్బు మొత్తం పంచాయతీ ద్వారానే నడపమని నేను చెప్పను. ఎన్నికలు రాగానే కొంగలకి పార్టీ రంగు అంటుకుంటుంది. రిజిస్టరు అక్కడ, ఖాతా సంఘానికి. ఇలా విడదీసి ఉంచుకోవడమే నయం.

పుస్తకం ఎవరు రాయాలి? మీ పదిమంది కుర్రాళ్ళలో ఎవరూ వద్దు. మీ ఊళ్ళో నెల నెలా పైసా తేడా లేకుండా పుస్తకం రాసి, అందరి ముందూ చదివి, సంతకాలు పెట్టించడం ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళు డ్వాక్రా మహిళలు. వాళ్ళలో ఒకరిని కోశాధికారిగా పెట్టండి, గౌరవంగా అడగండి. మీ గ్రూపులో ఒక్క ఆడపేరు కూడా ఉన్నట్టు లేదు, ఉత్తరం చదువుతుంటే అనిపించింది. చెట్టు కింద వాకిలి ఊడ్చేది ఎవరో మరి! జమా ఖర్చుల కాగితం నెలకోసారి రామాలయం గోడకి అంటించండి. అమ్మవారి సంబరానికి చందాలు మైకులో చదివినట్టు, ఏడాదికోసారి ఇవీ చదవండి. ‘ఫలానావారు వంద రూపాయలు’ అని మైకులో వినపడటానికి ఉన్న శక్తి ఏ వాట్సాప్ మెసేజ్‌కీ లేదు.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా. మీ 38,400 రెండు వారాల్లో వచ్చి ఆగిపోవడంలో వింతేం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసినప్పుడు లారీల కొద్దీ సాయం వచ్చింది. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఎన్ని లారీలు వచ్చాయి? జనం మనసు అలాంటిది, తప్పు పట్టి లాభం లేదు. అందుకే ఒక్కసారి పెద్దగా అడగకండి, కొద్దికొద్దిగా ఎప్పుడూ అడగండి. మన జిల్లాలో వలస లేని ఊరు లేదు. మీ ఊరివాళ్ళు హైదరాబాదులో, విశాఖలో, సైన్యంలో, గుజరాత్ వేరావల్ పడవల మీద ఎంతమంది ఉంటారు? వాళ్ళలో 40 మంది నెలకి 100 చొప్పున ఆటోపే పెడితే ఏడాదికి 48 వేలు. మీ ఖర్చు దాదాపు గట్టెక్కింది. వాళ్ళకి బదులుగా ఏమివ్వాలి? నెలకో ఫోటో, ఒక చిన్న వాయిస్ మెసేజ్. ‘రెండో నంబరు చెట్టు మీద 19 గూళ్ళు, మీ అమ్మగారింటి వెనకది’ అని. ఎక్కడో కంటోన్మెంటులో డ్యూటీ దిగిన మీ ఊరి జవానుకి ఆ మాట ఏమవుతుందో ఊహించుకోండి. ఆ 100 పక్షికి ఇస్తున్నాడా, ఊరికి ఇస్తున్నాడా అని ఆరా తీయకండి.

మిగతా కొంచెం బడిపిల్లల చేత తెప్పించవచ్చు. పడమటి దేశాల్లో పక్షి ప్రేమికులు ఒక పద్ధతి చేస్తారు. ఒక రోజంతా తిరిగి ఎన్ని జాతుల పక్షుల్ని చూస్తే జాతికి ఇంత చొప్పున ఇస్తామని దాతలు ముందే మాట ఇస్తారు. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ నడుస్తున్నది. ఆ రోజుల్లోనే మీ హైస్కూలు పిల్లల్ని చెరువు, నౌపడ ఉప్పు మడులు, పక్షుల విడిది తేలినీలాపురం తీసుకెళ్ళి లెక్కపెట్టించండి. తేలినీలాపురంలో అప్పటికి గూడబాతులు గూళ్ళ మీదే ఉంటాయి. జాతికి 10 రూపాయలు, 20 మంది దాతలు, పిల్లలు 45 జాతులు చూశారనుకోండి, 9 వేలు. డబ్బు సంగతి అటుంచి, నీటికాకికీ కొంగకీ తేడా తెలిసిన 30 మంది పిల్లలు ఊళ్ళో తయారవుతారు. వాళ్ళలో చెట్టు యజమానుల మనవలు ఉండేలా చూసుకోండి, ఇది కొంచెం కుట్రే అనుకోండి.

విశాఖ నుంచి కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్ళకి టికెట్ పెట్టొద్దు. టికెట్ కొన్నవాడికి హక్కు వస్తుంది, చెట్టు కిందికి ఇంకా దగ్గరికి పోతానంటాడు, డ్రోన్ ఎగరేస్తానంటాడు. భోజనం అమ్మండి. డ్వాక్రా వాళ్ళు వండిన భోజనానికి రేటు పెట్టి, అందులో 20 రూపాయలు చెట్ల ఖాతాకి. తిన్నవాడు మాట వింటాడు.

ఇక మీరు అడిగిన పెద్ద చేతులు. కంపెనీల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇప్పట్లో మీకు ఉపయోగం లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చు పెట్టాలి. మొక్కలు, జంతుజాలం సంరక్షణ ఆ పనుల జాబితాలో ఉంది. కాబట్టి పైడిభీమవరం ఫ్యాక్టరీల వైపు వెళ్ళి అడగడం తప్పు కాదు. కానీ ఆ డబ్బు మీలాంటి సంఘానికి రావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదు, జనం 80జీ అని పిలిచే అనుమతి, సీఎస్‌ఆర్-1 ఫారం, మూడేళ్ళ పని అనుభవం చూపించాలి. మూడేళ్ళు గోడకి అంటించిన లెక్కల కాగితాలే అప్పుడు మీ అనుభవం. 80జీ వచ్చాక దాతలకి పన్ను రాయితీ అని చెప్పవచ్చు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. నగదైతే 2 వేలు దాటితే రాయితీ లేదు.

అమెరికా వాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త. మీ వాడి చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, సొంత సంపాదనలోంచి మామూలుగా బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, మన సంతతి విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, మీ ఊళ్ళోనే పుట్టినా, అది విదేశీ విరాళమే. 2010 విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా సంఘం దాన్ని ముట్టుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కీ మామూలుగా మూడేళ్ళ వయసు కావాలి, డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. కొంగల కోసం మొదలుపెట్టి ఆ కేసుల్లో పడకండి. డబ్బు పంపే ముందే ‘ఏ పాస్‌పోర్టు, అన్నా?’ అని అడిగేయండి, మొహమాటం వద్దు. గ్రీన్‌కార్డు అంటే పౌరసత్వం కాదు, అది వేరే. అమెరికా అన్నయ్య డబ్బే ఇవ్వాలని ఏముంది, సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళ నాన్నగారి పెరట్లో చెట్టుకి మూడేళ్ళ కాగితం మీద నాన్నగారి చేత సంతకం పెట్టిస్తే చాలు.

కరపత్రం వేసేటప్పుడు సైబీరియా అని రాయకండి. నత్తగుల్ల కొంగ సైబీరియా మొహం చూసి ఎరగదు. మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్, బర్మా, థాయిలాండ్ వైపు బతికే పక్షి. వాన, నత్తలు ఎక్కడుంటే అక్కడికి వందల కిలోమీటర్లు పోతుంది గానీ మంచుదేశాల నుంచి రాదు. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో, మీ ఊళ్ళో పొదిగేది ఈ నేల బిడ్డే. ఆర్కిటిక్ వైపు నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి, నౌపడ ఉప్పు మడుల్లో చలికాలం పరుగులు తీసే చిన్న ఉల్లంకులు. వాటిని ఎవరూ పట్టించుకోరు పాపం, బొమ్మ పెట్టేంత పొడుగు లేవు. అబద్ధం చెప్పి తెచ్చిన చందా, నిజం తెలిసిన ఒక్క మాస్టారు అడిగితే కూలిపోతుంది. అసలు విషయమే బాగుంది కదా: ముక్కు రెండు దవడల మధ్య సందు ఉండే కొంగ, ఆ సందు పిల్లలకి ఉండదు, పెరిగాక వస్తుంది. వరిమళ్ళలో నత్తల్ని ఏరి తింటుంది. రైతుకి చెప్పాల్సిన మాట ఇది.

పడిన పిల్లల్ని మీరే పెంచేస్తామని ఉత్సాహపడకండి. అడవి పక్షిని అనుమతి లేకుండా పట్టి ఉంచడం నేరమవుతుంది. ముందే అటవీ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, వాళ్ళు వచ్చేదాకా ఏం చెయ్యాలి అన్నది రాయించుకోండి.

తిత్లీలో పోయిన తొమ్మిది చెట్ల చోట ఈ వర్షాకాలమే మొక్కలు వేయండి. చింత గూడు మోసే వయసుకి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది, అయినా వేయండి. చెరువు లోపలి అంచున నల్లతుమ్మ త్వరగా ఎదుగుతుంది, నీళ్ళలో నిలబడుతుంది. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతులు కడప చెట్ల మీద కడతాయి, అదీ నీళ్ళలో బతికే చెట్టే. నీటిపారుదల వాళ్ళని అడక్కుండా గట్టు మీద గునపం వేయకండి.

తొలకరికి ఇంకా రెండు నెలలుంది. ఈ ఆదివారం పెదనాన్న దగ్గరికి మీరొక్కరే వెళ్ళండి, గ్రూపు వద్దు. ఖాతా తెరిచి, పుస్తకం మొదటి పేజీ రాశాక నాకు ఫోటో పంపండి. నెలకి నా 100 కూడా రాసుకోండి. సంఘం ఖాతాకే పంపుతాను, మీ ఫోన్‌కి మాత్రం పంపను.